ఎండ్రకాయ బొమ్మ కేసెట్టు ఇంకా మోగుతుందా?

గిటార్‌తో చేసిన పాటకు ఆయుష్షు ఎక్కువ, మిషన్‌తో చేసిన పాటకు తక్కువ అని ఇంగ్లీషు పాటలు వినే మనవాళ్లలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. గిటార్ అంటే చెక్క, తీగ, మనిషి వేళ్లు. అది పాతబడదు. కీబోర్డులు, శాంప్లర్లు (వేరే రికార్డుల్లోంచి శబ్దం ముక్కలు తీసి వాడుకునే మిషన్లు), డ్రమ్ మిషన్లయితే కొత్త మోడల్ రాగానే అటకెక్కుతాయి, వాటితో చేసిన పాటలూ వాటి వెంటే పోతాయి. వాదన వినడానికి బాగానే ఉంటుంది గానీ నేను ఒప్పుకోను. నా దగ్గరున్న సాక్ష్యం ఒక్క ఆల్బమే: ‘ద ప్రాడిజీ’ బ్యాండ్ వాళ్ల ‘ద ఫ్యాట్ ఆఫ్ ద ల్యాండ్’. 1997 వేసవిలో వచ్చింది. 10 పాటలు, 56 నిమిషాలు. ఈ మధ్య దాన్ని వరస మార్చకుండా, మధ్యలో ఏదీ దాటేయకుండా మళ్లీ విన్నాను. ముసలితనం వచ్చింది అందులోని గిటార్లకే. మిషన్లు ఇంకా పళ్లు నూరుతూనే ఉన్నాయి.

ప్రాడిజీ ఎవరో తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఇంగ్లండులో ఎసెక్స్ ప్రాంతం, బ్రెయిన్‌ట్రీ అనే ఊరు. లియమ్ హౌలెట్ అనే కుర్రాడు రోలాండ్ డబ్ల్యూ-30 అనే కీబోర్డు పెట్టుకుని పాటలు కట్టడం మొదలుపెట్టాడు. ఆ కీబోర్డులో పట్టేది కొన్ని సెకన్ల శబ్దమే. ఎక్కణ్ణించి ఏ ముక్క కత్తిరించాలో, దాన్ని ఎక్కడ అతికించాలో అతనికి ఆ ఇరుకే నేర్పింది. బ్యాండ్ పేరు కూడా మూగ్ కంపెనీ చేసిన ఒక సింథసైజర్ పేరే. కీత్ ఫ్లింట్, లీరాయ్ థార్న్‌హిల్ స్టేజీ మీద డాన్సర్లు. మైకు మ్యాక్సిమ్ చేతిలో ఉండేది. 1992లో మొదటి ఆల్బమ్, 1994లో రెండోది. బ్రిటిష్ ప్రభుత్వం పొలాల్లో, పాత గోడౌన్లలో రాత్రంతా డాన్స్ పాటలతో జరిగే రేవ్ పార్టీలను ఆపడానికి చట్టం చేసింది కూడా 1994లోనే. ‘ఒకదాని వెంట ఒకటి మళ్లీ మళ్లీ వచ్చే దరువులు’ అని ఆ చట్టంలో సంగీతాన్ని వర్ణించి మరీ రాశారు. మన దగ్గర రాత్రి 10 దాటితే బాక్సులు ఆపాలనే రూలుంది గానీ, దరువు ఎలాంటిదో ఎస్సై గారు విచారించరు. ఆ మాటకొస్తే మనమే నయం.

నెల్లూరుకు ఈ పాటలు కేబుల్ టీవీలో వచ్చాయి. పెద్దవాళ్లు పడుకున్నాక సౌండు బాగా తగ్గించి ఎమ్‌టీవీ, చానెల్ వీ చూసే రోజులు. ఆల్బమ్ కేసెట్టును మా పెదనాన్న కొడుకు పినాకిని రైల్లో మద్రాసు పోయి తెచ్చాడు. ఊరి పేరు అప్పటికే చెన్నైగా మారింది, మా నోళ్లకు మాత్రం మద్రాసే. అట్ట మీద కొండీలు లేపి నిలబడిన ఎండ్రకాయ ఫొటో. అంతే, బ్యాండ్ వాళ్ల ముఖాలు లేవు. మా నాన్నకు రొయ్యల గుంటల్లో వాటా ఉండేది. వైరస్ జబ్బు వచ్చి జిల్లాలో గుంటలకు గుంటలు తుడిచిపెట్టుకుపోయిన కాలం అది. అట్ట చూసి, “రొయ్యల్తో మునిగింది చాల్లేదని ఇప్పుడు ఎండ్రకాయలా?” అన్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో దాని పేరు ఎండ్రకాయ కేసెట్టు. అసలు పేరు పలికే అవసరం ఎవరికీ రాలేదు.

ఇక పాటల్లోకి వద్దాం. నా వాదన మొత్తం ‘బ్రీద్’ మీద నిలబడి ఉంది.

‘బ్రీద్’ 1996 చివర్లో సింగిల్‌గా, అంటే విడి పాటగా వచ్చి బ్రిటన్‌లో ఒకటో స్థానానికి పోయింది. దాన్ని విప్పి చూస్తే లోపల చిత్రమైన సామాను కనిపిస్తుంది. డ్రమ్స్‌లో ఒక ముక్క థిన్ లిజీ అనే ఐరిష్ రాక్ బ్యాండ్ 1976లో చేసిన పాటలోది. మధ్య మధ్యలో గాలిని కోసినట్టు వినిపించే కత్తి శబ్దం వూ-ట్యాంగ్ క్లాన్ ర్యాప్ పాటలోది. రాక్ డ్రమ్స్, ర్యాప్ కత్తి, కింద బేస్ అనే మంద్ర శబ్దం. ఇవేవీ ‘మేం ఫలానా పాటలోంచి వచ్చాం’ అని చెప్పుకోవు. హౌలెట్ వాటిని ఎంత చిన్నగా కోశాడంటే, వాటికి ఊరూ పేరూ మిగల్లేదు, శబ్దం మిగిలింది. వాటి మధ్య ఖాళీ కూడా బాగా వదిలాడు. ఈ రోజుల్లో డాన్స్ పాటలు అంచుల దాకా నింపేస్తున్నారు. ‘బ్రీద్’లో బేస్ ఆగిన చోట నిజంగా ఏమీ ఉండదు. ఆ ఏమీ లేని చోటే ఒంట్లో కదలిక మొదలవుతుంది.

ఆ బేస్ గురించి ఇంకో సంగతి. అది నున్నగా ఉండదు, డిస్టార్షన్‌తో, అంటే కావాలని శబ్దాన్ని చెడగొట్టడంతో, గరుకుగా ఉంటుంది. నున్నటి బేస్‌ను చిన్న స్పీకర్ మింగేస్తుంది, ఎందుకంటే అంత కింది స్వరాలను కదిలించే శక్తి దానికి లేదు. గరుకు చేసిన బేస్ పై స్థాయిలో హార్మోనిక్స్‌ను, అంటే అదే స్వరానికి తోడు స్వరాలను పుట్టిస్తుంది. చిన్న స్పీకర్ వాటిని పలికిస్తుంది, కింద లేని బేస్‌ను చెవి తనంతట తానే ఊహించుకుంటుంది. మా ఇంట్లో అప్పటి మోనో టీవీలో ఆ పాట ఎందుకు అంత భయపెట్టిందో, ఇప్పుడు పిల్లల ఫోను స్పీకర్లో కూడా ఎందుకు బతికి ఉందో దీన్ని బట్టి అర్థమవుతుంది. మిషన్ సంగీతం మిషన్‌తో పాటే పోతుందనే వాళ్లు ఈ ఒక్క విషయం ఆలోచించాలి. చేసిన మిషన్లు పోయాయి, వినే మిషన్లు మారాయి, పాట రెండిటినీ దాటి వచ్చింది.

చిన్న స్పీకర్ సరే, పెద్ద బాక్సుల మీద ఎలా ఉంటుంది? మా మేనత్త కొడుకు సౌండ్ సర్వీస్ నడుపుతాడు. గూడూరు నుంచి కావలి దాకా పెళ్లిళ్లు, రిసెప్షన్లు, వినాయక చవితి ఊరేగింపులు. మినీ బైపాస్ మీద ఒక కల్యాణ మండపంలో మధ్యాహ్నం బాక్సులు సర్దుతుంటే పోయాను. సౌండ్ చెక్‌కు ‘బ్రీద్’ పెట్టమన్నాను. మిక్సర్ దగ్గర నిలబడ్డ కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయి. ఈ పాట ఎప్పుడూ వినలేదు.

“ఏందన్నా ఇది, కిక్కు పడాల్సిన చోట పడకుండా పక్కన పడతా ఉండాది?”

“బాగలేదా?”

“బాగుండాది. అందుకే అడగతా ఉండా.”

వాడు పట్టుకున్నది సరైన చోటే. ఇప్పటి డీజే పాటల్లో ఎక్కువ భాగం నాలుగు మాత్రలకు నాలుగు కిక్కులు (పెద్ద డ్రమ్ దెబ్బలు), సమానంగా, గోడకు మేకులు కొట్టినట్టు. ప్రాడిజీ వాళ్లది బ్రేక్‌బీట్. పాత ఫంక్, రాక్ రికార్డుల్లో డ్రమ్మర్ ఒక్కడే వాయించే ముక్కను కోసి తిప్పి తిప్పి వాడతారు. మనిషి వాయించింది కాబట్టి దెబ్బలు కొంచెం ముందుకీ వెనక్కీ పడతాయి. మా వైపు ఊరేగింపుల్లో తప్పెట్లు విన్న ఒంటికి ఈ కుంటినడక కొత్తేమీ కాదు. వాడు సౌండు పెంచే తగ్గించే ఫేడర్ మీద చెయ్యి తీయకుండా పాట మొత్తం విన్నాడు. మా బావ మాత్రం “పెళ్లిలో పెడితే అమ్మాయి తరఫువాళ్లు లేచి పోతారు” అని తేల్చేశాడు. అది వేరే పరీక్ష. దాంట్లో ఇది 1997లో కూడా తప్పేది.

‘ఫైర్‌స్టార్టర్’ దగ్గర నాకు అనుమానం ఉండేది. ఎందుకంటే మేం దాన్ని వినకముందు చూశాం. నలుపు తెలుపు వీడియో, లండన్‌లో మూసేసిన మెట్రో సొరంగం, నెత్తికి రెండు పక్కలా కొమ్ముల్లా లేచిన జుట్టుతో కీత్ ఫ్లింట్. అంతకుముందు అతను డాన్సరే, మొదటిసారి మైకు పట్టి పాడింది ఆ పాటతోనే. 1996లో అది టీవీలో వస్తే పిల్లలు జడుసుకుంటున్నారని బ్రిటన్‌లో తల్లిదండ్రులు ఫిర్యాదులు చేశారు. మరి ఆ ముఖం లేకపోతే పాట నిలుస్తుందా? 2019 మార్చి 4న కీత్ చనిపోయాడు, 49 ఏళ్లకే. ఆ వార్త తర్వాత కొన్నాళ్లు ఆ పాట పెట్టబుద్ధి కాలేదు. ఇప్పుడు ముఖాన్ని పక్కన పెట్టి వింటే తెలిసిందేమిటంటే, పాటను మోసేది సైరన్‌లా ఏడ్చే ఆ శబ్దం. అది గిటారే. ద బ్రీడర్స్ అనే అమెరికన్ బ్యాండ్ పాటలోంచి తీసిన ముక్క. దాన్ని ఎంత సాగదీసి తిప్పాడంటే ఎవరూ గిటార్ అనుకోరు. మధ్యలో వచ్చే ‘హే’ ఆర్ట్ ఆఫ్ నాయిజ్ పాటలోది. కీత్ పాడాడని అంటాం గానీ, నిజానికి అతను రాగం జోలికి పోకుండా అరుస్తాడు. అరుపుకు ఫ్యాషన్ ఉండదు కాబట్టి అదీ పాతబడలేదు.

ఇదే హౌలెట్ గిటార్‌ను గిటార్‌లాగే వదిలేసిన చోట కథ తిరగబడింది. ‘సీరియల్ థ్రిల్లా’లో స్కంక్ అనాన్సీ బ్యాండ్ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) ఉంది. అదీ శాంపిలే, కానీ ఈసారి కోసి పోగులు చేయలేదు. రాక్ రిఫ్‌ను రాక్ రిఫ్‌లాగే ముందు నిలబెట్టి కీత్‌ను దాని మీద అరవమన్నాడు. ఆఖరి పాట ‘ఫ్యూయెల్ మై ఫైర్’ ఇంకో అడుగు ముందుకు పోయింది. అది ఎల్7 అనే రాక్ బ్యాండ్ పాటకు కవర్, అంటే వాళ్ల పాటనే వీళ్లు మళ్లీ పాడారు.

ఎందుకిలా చేశారో ఆ కాలం తెలిస్తే అర్థమవుతుంది. గ్రంజ్ అనే రాక్ అల అయిపోయింది, తర్వాతి పెద్ద అల మిషన్లతో చేసే ‘ఎలక్ట్రానికా’ అని అమెరికా మ్యూజిక్ కంపెనీలు నమ్మిన సమయం. గాయని మడోన్నా పెట్టిన మావరిక్ కంపెనీ ప్రాడిజీని అక్కడ విడుదల చేసింది. కీబోర్డు వెనక తల వంచుకున్న మనిషి అమెరికా కుర్రాళ్లకు ఆనడు. అరిచే గాయకుడు, గిటార్, పచ్చబొట్లు, చెమట కావాలి. ఇచ్చారు. ఆల్బమ్ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ నేరుగా ఒకటో స్థానంలో దిగింది. వ్యాపారంగా చూస్తే లెక్క సరిపోయింది. కానీ రెండు మూడేళ్లలో బరువైన గిటార్, ర్యాప్, అరుపు కలిపే బ్యాండ్లు అమెరికాలో డజన్ల కొద్దీ పుట్టుకొచ్చాయి. ఆ పాటలన్నీ విన్నాక వెనక్కి వచ్చి ‘సీరియల్ థ్రిల్లా’ వింటే వాటిలో ఒకటిలాగే ఉంటుంది. ఎప్పటికీ ఉంటుందనుకున్న గిటారే దానికి తేదీ వేసింది.

కాబట్టి నా మాట ఇది. ఈ ఆల్బమ్‌లో శబ్దంగా వాడుకున్నవి నిలిచాయి, వేషంగా వేసుకున్నవి రాలిపోయాయి. గిటారా మిషనా అన్నది కాదు తేడా.

ఈ లెక్కన కష్టమైన పాట ‘నారాయణ్’. తొమ్మిది నిమిషాలు, ఆల్బమ్‌లో అన్నిటికంటే పొడుగు. పాడింది క్రిస్పియన్ మిల్స్, కూలా షేకర్ బ్యాండ్ గాయకుడు. ఆ బ్యాండ్‌కు సంస్కృతం పిచ్చి, 1996లోనే ‘తత్త్వ’, ‘గోవింద’ అని హిట్ పాటలు చేశారు. ఈ పాటలోనూ చివరికి వచ్చేసరికి నారాయణ మంత్రం జపంలా మోగుతుంది. ఇంగ్లండులో రేవ్‌కు పోయే కుర్రాడికి అది హిమాలయాల నుంచి దిగిన మాయ. రంగనాయకులపేటలో పెరిగినవాడికి ధనుర్మాసంలో తెల్లారుజామున మైకులో వచ్చే గోల. (నెల్లూరులో నారాయణ అనగానే ముందు దేవుడు గుర్తొస్తాడా, కాలేజీ గుర్తొస్తుందా అనేది ఇంకో చర్చ.) మా అవ్వకు ఆ పాట వినపడి, “ఎవురో నారాయణ అంటా ఉండారే, కొంచెం సౌండు పెంచు నాయనా” అంది. పెంచాను. కాసేపు విని, “‘నారాయణాయ’ అనాల గదా, తోక కోసేశాడే” అని పూసల దండ తీసుకుని లోపలికి పోయింది. ఆ పాట మీద నేను విన్న విమర్శల్లో ఇంతకంటే సూటిగా ఉన్నది లేదు.

మంత్రం అక్కడ వేషమే. మనకు ఆ వేషం ఎక్కదు, ఎందుకంటే ఆ బట్టలు మన ఇంటి దండెం మీదవే. కోపం కూడా రాదు, అతను భక్తిగానే పాడాడు. కానీ మంత్రం రాకముందు బేస్, డ్రమ్స్ మెల్లగా ఒకదాని మీద ఒకటి పేరుకునే నాలుగైదు నిమిషాలున్నాయి చూడండి, వాటిని నేను ఇప్పటికీ రాత్రి కారులో మైపాడు రోడ్డు మీద పెద్దగా పెట్టుకుంటాను. సగం నిలిచింది, సగం నిలవలేదు.

ఇక మొదటి పాట. పేరు రాయక తప్పదు: ‘స్మాక్ మై బిచ్ అప్’. ఆడమనిషిని కొట్టడం అనే అర్థం వచ్చే మాట. ఆ వాక్యం అల్ట్రామాగ్నెటిక్ ఎమ్‌సీస్ ర్యాప్ పాటలో కూల్ కీత్ (మన కీత్ ఫ్లింట్ కాదు) గొంతులోంచి తీసిన శాంపిల్. అదే కూల్ కీత్ ఈ ఆల్బమ్‌లో ‘డీజిల్ పవర్’ కూడా పాడాడు. అది హాయిగా నడిచే పాట, దాని గురించి అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. ‘స్మాక్’ మీద మాత్రం అమెరికాలో మహిళా సంఘాలు గొడవ చేశాయి. వాల్‌మార్ట్, కేమార్ట్ దుకాణాలు ఆల్బమ్‌నే అల్మరాల్లోంచి తీసేశాయి. 1998 రీడింగ్ ఫెస్టివల్‌లో బీస్టీ బాయ్స్ ఆ పాట వాయించవద్దని ప్రాడిజీని అడిగారు. వీళ్లు వినలేదు. ఏ పనైనా తీవ్రంగా చేయడం అనే అర్థంలో వాడామని బ్యాండ్ సమర్థించుకుంది. వీడియో చివర్లో, అంతసేపూ రౌడీతనం చేసింది మగవాడు కాదు, ఆడమనిషి అని చూపించారు. తెలివైన మలుపే. దానివల్ల ఆ వాక్యం మారలేదు.

శబ్దంగా చూస్తే ఆల్బమ్ మొత్తంలో ఇదే గొప్పది. డ్రమ్స్ హఠాత్తుగా తప్పుకున్నాక షాహిన్ బదర్ గొంతు లేస్తుంది. దక్షిణాసియా మూలాలున్న బ్రిటిష్ గాయని. మాటలు లేని ఆలాపన, ఒంటరిగా పైకి పోతుంది. ‘నారాయణ్’లో మంత్రం ఇండియాను చూపించడానికి వచ్చింది. ఇక్కడ ఆలాపన ఏ దేశాన్నీ చూపించదు, అది పాటలో ఒక పని చేస్తుంది. మళ్లీ డ్రమ్స్ ఎప్పుడు పడతాయా అని ఊపిరి బిగబట్టిస్తుంది. మన చెవికి కూడా అది వేషంలా అనిపించదు. కల్యాణ మండపంలో ఆ ముక్క మోగినప్పుడు వంటమనిషి కూడా గరిటె పట్టుకుని తలుపు దాకా వచ్చాడు.

కానీ వాక్యం సంగతి? ఇంటర్ చదివే రోజుల్లో ఆ మాటలు మాకు ఇంకో డ్రమ్ దెబ్బ మాత్రమే. అర్థం తెలియకపోవడం వల్ల వచ్చిన స్వేచ్ఛ అది. ఇప్పుడు మా అమ్మాయి అడుగుతుంది. హౌలెట్‌ను శబ్దానికి ఊరూ పేరూ లేకుండా కోస్తాడని పైన మెచ్చుకున్నాను. ఈ ఒక్క చోట కోయకూడనిది కోశాడు. మాటకు అర్థం ఉంటుంది, ఎంత తిప్పి తిప్పి వాడినా అరగదు. అమ్మాయి కారులో ఉంటే ఆ పాట దాటేస్తాను, ఒక్కణ్ణే ఉంటే పెట్టుకుంటాను. ఇది రెండు నాల్కల ధోరణి అంటారా, అనండి. పాట నిలిచిందా అని నన్ను అడిగితే సంగీతం నిలిచింది, పేరు నిలవలేదు అంటాను. ఈ రెండిటినీ కలిపి ఒక మార్కు వేయడం నా వల్ల కాదు.

ఇదంతా పాత రోజుల మీద మమకారం, కుర్రతనంలో విన్నది ఎవరికైనా గొప్పగానే ఉంటుంది అని మా బావ అంటాడు. మమకారమే అయితే అది అన్ని పాటల మీదా ఒకేలా ఉండాలి కదా. ఆ రోజుల్లో మా బ్యాచ్‌లో గౌరవం ఉన్నది ‘సీరియల్ థ్రిల్లా’కే. రాక్ వినే సీనియర్లు ఆ ఒక్కదాన్నే పాట అని ఒప్పుకునేవాళ్లు, నేనూ దాన్నే ఎక్కువ తిప్పి తిప్పి విన్నాను. జ్ఞాపకం కాపాడేట్టయితే ముందు దాన్ని కాపాడాలి. అదే ముందు పోయింది. అప్పట్లో నేను పట్టించుకోని ‘క్లైంబటైజ్’ ఇప్పుడు ముందుకొచ్చింది. మాటల్లేని పాట అది. ఆరున్నర నిమిషాల పాటు డ్రమ్స్ ఒక్కో మెట్టు ఎక్కుతూ పోతాయి. దాంట్లో అరుపు లేదు, గిటార్ లేదు, వీడియో లేదు, గొడవ లేదు. దాని గురించి ఎవరూ ఏమీ రాయరు. కొత్తగా వచ్చిన పాటల మధ్య చెప్పకుండా పెడితే ఏ సంవత్సరానిదో చెప్పడం కష్టం. మా సౌండ్ కుర్రాడు అడిగి తన పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నది కూడా దాన్నే, ‘బ్రీద్’ను కాదు.

మిగిలిన రెండు, ‘ఫంకీ షిట్’, ‘మైండ్‌ఫీల్డ్స్’. వస్తే వింటాను, రాకపోతే వెతకను.

నా ఫోనులో ఈ ఆల్బమ్ ‘క్లైంబటైజ్’తో అయిపోతుంది. పదో పాట ‘ఫ్యూయెల్ మై ఫైర్’ తీసేశాను. అన్ని మెట్లు ఎక్కించాక మళ్లీ కిందికి దింపి గిటార్ చేతికివ్వడం నాకు నచ్చలేదు. మా బావ దీనికి ఒప్పుకోడు, అతనికి రాక్ ఇష్టం. చివరి పాట తీసేసినవాడు ఆల్బమ్ మీద తీర్పు చెప్పకూడదంటాడు. వచ్చే ముహూర్తాలకు బాక్సులు సర్దేటప్పుడు రెండూ వరసగా పెట్టి ఆ కుర్రాణ్ణే అడుగుదామన్నాడు. సరేనన్నాను.